చూడనిచ్చారు సరే, మాట్లాడనివ్వరేం?

ఒడిశా స్కూల్ అండ్ మాస్ ఎడ్యుకేషన్ శాఖ మంత్రి గారికి,
గజపతి జిల్లా పర్లాకిమిడి వైపు నుంచి ఒక లెక్కల మాస్టారు నమస్కారాలతో రాస్తున్న బహిరంగ లేఖ.

అయ్యా,

ఈ ఉత్తరం ఒడియా ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపాను. తెలుగులో నలుగురి ముందూ రాయడం ఎందుకంటే, గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో నాలాగే ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా మాట్లాడే టీచర్లు చాలామంది ఉన్నారు. వాళ్ళూ చదవాలి. సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నంలో చదివినా మంచిదే, అక్కడి మాస్టార్ల గోడూ ఇంచుమించు ఇదే.

విద్యలో టెక్నాలజీ మీద సదస్సులు ఈ మధ్య ఎక్కువయ్యాయి. ఆహ్వానంలో అడుగున ఒక వాక్యం ఉంటుంది: మారుమూల ప్రాంతాల ఉపాధ్యాయులు ఆన్‌లైన్లో పాల్గొనవచ్చు అని. దాన్ని నమ్మి చేరతాం. తీరా చేరాక మాకు దక్కేది పెళ్ళి వీడియో చూసిన సంబరమే. అందరూ కనిపిస్తారు, భోజనం ఉండదు. నేను అడిగేది ఒక్కటే. ప్రభుత్వ సొమ్ముతో జరిగే ఏ విద్యా సదస్సులోనైనా, దూరం నుంచి చేరిన టీచరు ప్రశ్న హాల్లో వినపడాలి, జవాబు అతనికి చేరాలి, వీలైతే అతని పాఠం కూడా ఆ తెర మీదకు రావాలి. అలాగని మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు ఇప్పించండి.

ఈ మధ్య జరిగిన ఒక సదస్సు సంగతి చెబుతాను. నిర్వాహకుల పేరు రాయను. వాళ్ళొక్కరి లోపమే అయితే ఈ ఉత్తరం వాళ్ళకే రాసుకునేవాణ్ణి. ఆ పూట చిన్నపిల్లలకు అంకెలు నేర్పే యాప్ ఒకటి చూపించారు. పిల్లవాడు తన భాషలో అంకె చెబితే ఫోను విని, తప్పో ఒప్పో చెబుతుంది. ఆలోచన బాగుంది, కాదనను. కెమెరా మాత్రం వక్త ముఖం మీదే ఉంది. వెనక స్లైడు తెల్లటి దుప్పటిలా వెలిగిపోతోంది, ఒక్క అక్షరం కనబడదు.

నాకు వచ్చిన సందేహం ఇది. మా బళ్ళో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, కొండ మీద నుంచి వచ్చే సవర పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటారు. తెలుగూ ఒడియా పదుల లెక్క. సవర లెక్క వేరు. పన్నెండు దాకా ఒక్కో అంకెకూ విడి పేరుంటుంది. పదమూడంటే పన్నెండూ ఒకటి, పద్నాలుగంటే పన్నెండూ రెండు, అలా పంతొమ్మిది దాకా పోయి, ఇరవై దగ్గర కొత్త కట్ట మొదలవుతుంది. ముప్పై మూడు అనాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి అంటారు. ఎంత చక్కటి లెక్కో చూడండి, అందులో కూడిక ముందే ఉంది! నా పిల్లవాడు నోటితో ఇలా చెబితే ఆ యాప్ తప్పు అంటుందా, ఒప్పు అంటుందా? పలక మీద మాత్రం వాడు 33 అని సరిగ్గానే రాస్తాడు. యాప్ తప్పంటే, లెక్క వచ్చిన పిల్లవాడు లెక్క రానివాడిగా నమోదవుతాడు. మన భాషల మధ్య కంప్యూటరు చేత అనువాదం చేయించడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో తెచ్చిన భాషిణి మొదటి గురి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల మీదే. సవర ఆ షెడ్యూల్లో లేదు. కాబట్టి ఇలాంటి చిక్కు యాప్ చేసేవాళ్ళ చెవిన వేయాలంటే బళ్ళో ఉన్నవాడే వేయాలి, ఇంకెవరూ వేయరు.

ఈ ప్రశ్నే చాట్‌లో టైపు చేశాను. దాని కింద గుడ్ మార్నింగులు, ‘ఆడియో రావట్లేదు సార్’లు వరసగా పడ్డాయి, నా ప్రశ్న పైకెక్కి మాయమైంది. ప్రశ్నల సమయంలో హాల్లోవాళ్ళు మైకు లేకుండానే అడిగేశారు. మాకు వినపడినవి జవాబులే. ‘మంచి పాయింటు సార్, మీరన్నది నిజమే, దాని మీద కూడా పని చేస్తున్నాం’ అన్నారు వేదిక మీది పెద్దమనిషి. ఆ సారెవరో, అన్నదేమిటో ఆ దేవుడికే తెలియాలి. సాయంత్రానికి ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. అది నింపగానే సర్టిఫికెట్ వచ్చింది, ‘చురుకుగా పాల్గొన్నందుకు’ అని. నా పేరులో స్పెల్లింగు సహా అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఇది ఫోను వచ్చాక పుట్టిన జబ్బు కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు మన దేశం సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం చేసింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు నేరుగా టీవీ పాఠాలు పంపారు. ఆ ఆరింటిలో ఒడిశా ఉంది, ఆంధ్ర ఉంది. కార్యక్రమాలు వచ్చిన నాలుగు భాషల్లో ఒడియా, తెలుగు రెండూ ఉన్నాయి. ఆ రోజుల్లో అది మహా గొప్ప పని. పల్లె నుంచి తిరిగి మాట్లాడే దారి అప్పటి యంత్రాల్లో లేదు, కాబట్టి తప్పుపట్టడానికి లేదు. 2004లో శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ వెళ్ళింది, చదువు కోసమే పంపిన ఉపగ్రహం. దానికి కింద రెండు రకాల పెట్టెలు పెట్టారు. ఒకటి పాఠం అందుకోవడానికి మాత్రమే పనికొచ్చేది, రెండోది తిరిగి మాట్లాడగలిగేది. ఇప్పుడు నా జేబులో ఉన్న ఫోను ఆ రెండో రకం పెట్టె కన్నా ఎన్నో రెట్లు గట్టిది. అయినా సదస్సు రోజున దాన్ని మొదటి రకం పెట్టెగానే వాడుతున్నాం.

2020లో, కోవిడ్‌తో హాళ్ళు మూతపడ్డప్పుడు, ఈ బాధ లేదు. అప్పుడు ఢిల్లీ ప్రొఫెసరూ, భువనేశ్వర్ డైరెక్టరూ, గుమ్మా బ్లాకు టీచరూ తెర మీద ఒకే సైజు గళ్ళలో కూర్చున్నారు. చెయ్యెత్తే బొమ్మ నొక్కితే వరసలో ఎవరి వంతు వారికి వచ్చేది. హాళ్ళు మళ్ళీ తెరిచాక సగం మంది అక్కడ, సగం మంది ఇక్కడ అయ్యేసరికి పాత పెద్దరికం తిరిగొచ్చింది. నన్నడిగితే సగం సగం సదస్సు కన్నా పూర్తిగా ఆన్‌లైన్ సదస్సే మాకు నయం.

అయితే హాలు ఉండగా కూడా దీన్ని సరిచేసినవాళ్ళు ఉన్నారు. కైరోలో పాఠాలు చెప్పే మహా బాలి గారికి అప్పట్లో ఇంట్లో చిన్నపిల్ల, దేశదేశాల సదస్సులకు తిరిగే వీలు తక్కువ. ఆమె, రెబెకా హోగ్ అనే మరో అధ్యాపకురాలు కలిసి 2015లో వర్చువల్లీ కనెక్టింగ్ అని ఒక పద్ధతి మొదలుపెట్టారు. సదస్సుకు వెళ్ళిన ఒకరు అక్కడ లాప్‌టాప్ పట్టుకుని సిద్ధంగా ఉంటారు. బయట ఉన్న మరొకరు దూరపు మనుషుల్ని కూడగడతారు. విరామంలో వక్తను పిలిచి తెర ముందు కూర్చోబెడితే, అటు కొద్దిమంది ఇటు కొద్దిమంది కాసేపు మామూలుగా మాట్లాడుకుంటారు. అంతే. సదస్సుల్లో అసలు పని టీ దగ్గరే జరుగుతుందని వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. వాళ్ళు దూరపువాళ్ళని సరిగ్గా ఆ టీ దగ్గరికే తీసుకెళ్ళారు. దీనికి కావలసింది ఒక లాప్‌టాపు, ఓపిక ఉన్న ఇద్దరు మనుషులు. బడ్జెట్ అడ్డమని ఎవరూ అనలేరు.

ఇక డేటా లెక్క. లెక్కల మాస్టార్ని కాబట్టి వేసే తీరాలి. ఓ మాదిరి స్పష్టంగా కనిపించే వీడియోకు సెకనుకు 1.2 మెగాబిట్లు పోతే గంటకు 540 మెగాబైట్లు. ఆరు గంటల సదస్సుకు 3 జీబీ దాటుతుంది. మాలో చాలామంది ఫోనుల్లో ఉండేది రోజుకు 1.5 జీబీ ప్యాక్. పదింటికి మొదలైతే ఒంటిగంట కొట్టకముందే ఖాళీ. అదే వీడియో మానేసి మాట ఒక్కటే పంపితే సెకనుకు 64 కిలోబిట్లు, గంటకు 29 మెగాబైట్లు చాలు. ఆరు గంటలకూ కలిపి 175 మెగాబైట్ల లోపే. స్లైడ్లు ముందురోజే వాట్సాప్‌లో పంపేస్తే మాకు వక్త ముఖం చూడవలసిన పనే లేదు. మాట కూడా డేటా మీద రాని చోట్ల, మోహనా, నుఆగడ కొండల్లో, మామూలు ఫోన్ కాల్ చేసి చేరేలా ఒక నంబరు ఇస్తే సరిపోతుంది. ఫైబర్ వస్తోంది కదా అంటారేమో. 2011లో మంజూరైన ఆ పథకం, ఇప్పటి భారత్‌నెట్, గురిపెట్టింది గ్రామ పంచాయతీకి. పంచాయతీ ఆఫీసు నుంచి బడి దాకా ఉన్న ఆ కాస్త దూరం మీరు తలుచుకుంటే పూర్తవుతుంది. రికార్డింగు కూడా తరువాత ఉంచాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా జిల్లా ఎలా చీకట్లో పడి ఉందో మీకు తెలుసు. అలాంటి రోజున లింకు ఎంత మంచిదైనా ఏం లాభం?

ఇంకో చిక్కు ఉంది. ఇందులో టెక్నాలజీ ఏమీ లేదు, అచ్చంగా మన శాఖలోదే. భువనేశ్వర్ వెళ్ళి హాల్లో కూర్చున్న మాస్టారికి ఓడీ, అంటే ఆ రోజు డ్యూటీలో ఉన్నట్టే లెక్క, ఉంటుంది, టీఏ డీఏ ఉంటుంది, ఆయన తరగతి ఇంకొకరు చూస్తారు. ఆన్‌లైన్లో చేరినవాడు బళ్ళోనే ఉన్నాడు కాబట్టి పాఠమూ చెప్పాలి, హాజరూ ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్కా రాయాలి. ఆ రోజు ప్రశ్నల సమయానికి మా బళ్ళో భోజనం గంట కొట్టారు. పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరండాలో వరస కట్టారు. డాల్మా, అదే కూరగాయలు వేసిన పప్పు, చివరి పిల్లవాడి దాకా వస్తుందో రాదో చూస్తూ, ఒక చెవిలో ఇయర్‌ఫోనుతో నేను. ‘ఎవరితో మాట్లాడుతున్నారు సార్?’ అని ఒక పిల్ల అడిగింది. ‘మాట్లాడ్డం లేదమ్మా, వింటున్నాను’ అన్నాను. మా హెడ్మాస్టరు గారు మంచివారు, ‘మీరు లోపల కూర్చోండి, నేను చూస్తాను’ అన్నారు. ఆయన దయ మీద నడవవలసిన వ్యవహారమా ఇది? దూరం నుంచి చేరినా ఆ పూటకు ఓడీ వర్తిస్తుందని ఒక్క సర్క్యులర్ ఇస్తే బ్లాకు విద్యాధికారి (బీఈవో) నుంచి క్లస్టర్ కోఆర్డినేటర్ (సీఆర్‌సీసీ) దాకా అందరూ పాటిస్తారు.

అధికారి బడి పంతుల్ని అడిగి, అతని మాట వింటే ఏమవుతుంది అనేదానికి మా ఊళ్ళోనే పాత సాక్ష్యం ఉంది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఇక్కడి రాజావారి బళ్ళో మేష్టరు. 1907 ప్రాంతంలో యేట్స్ అనే స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు, జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాల్లో తెలుగు ఒకటి ఎందుకని అడిగాడు. అడిగినవాడు అధికారి, ఆలోచించి జవాబు చెప్పినవాళ్ళలో ఈ మారుమూల పంతులొకరు. వ్యావహారిక భాషా ఉద్యమానికి అది ఒక మొదలు. ఆయనే సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాచకాలు రాశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇందులో చేరినప్పుడు, నచ్చక రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. అదే ఏడాది సవరలు తమకంటూ ఒక లిపి తయారు చేసుకున్నారు, మంగేయి గొమాంగో గారి పుణ్యమా అని. అది 2012లో కంప్యూటర్లలో అక్షరాలకు వాడే యూనికోడ్‌లోకి ఎక్కింది కూడా. మేమేమో ఇక్కడే ఉండిపోయినవాళ్ళ మనవలం. ఒడియాలో చదివాం, ఒడియాలో ఉద్యోగం చేస్తున్నాం, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. 2006లో రాష్ట్ర ప్రభుత్వం గిరిజన భాషల్లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు సవరను చేర్చడం మెచ్చుకోవలసిన పని. ఆ పని చేసిన రాష్ట్రంలో సవర పిల్లల టీచరు ప్రశ్న గుడ్ మార్నింగుల కింద పడి పోవడమే నాకు బాధ.

కాబట్టి వచ్చే సదస్సులో దూరపువాళ్ళ కోసమే ఒక మనిషిని పెట్టించండి. ఆయనకు వేరే పని చెప్పొద్దు. మా ప్రశ్న తెలుగులో వచ్చినా, ఒడియాలో వచ్చినా, వాయిస్ మెసేజ్‌గా వచ్చినా హాలు మైకులో వినిపించాలి. హాల్లో ఎవరు అడిగినా మైకులోనే అడగాలి. బ్లాకుకొక హైస్కూల్లో, 2021 నుంచి అప్పటి ప్రభుత్వం 5టీ అనే కార్యక్రమం కింద స్మార్ట్ బోర్డులు పెట్టిన గదుల్లో, ఆ రోజు టీచర్లని కలిపి కూర్చోబెట్టండి. ఒంటరిగా ఫోను చూసేవాడి కన్నా పదిమంది కలిసి వినే గది నుంచి మంచి ప్రశ్నలు వస్తాయి.

మరొక మనవి. ఎప్పుడూ హాలు మీ దగ్గర, లింకు మా దగ్గర ఎందుకుండాలి? ఒక్కసారి సదస్సు పర్లాకిమిడిలో పెట్టండి. వేదిక మీద మా బ్లాకుల టీచర్లు మాట్లాడతారు, సవర లెక్క పిల్లల చేతే చెప్పిస్తాం. కార్యదర్శి గారు, డైరెక్టర్లు, యాప్ కంపెనీలవాళ్ళు భువనేశ్వర్ నుంచి ఆన్‌లైన్లో చేరవచ్చు. స్లైడ్లు ముందురోజే పంపుతాం, వాళ్ళ ప్రశ్నలు చదవడానికి మనిషిని పెడతాం. తమరు మాత్రం స్వయంగా రండి. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు,
గజపతి జిల్లా