నా కేసు నేనే నడుపుకునేలా నిలబెట్టిన అనంతపురం వాళ్లకు కృతజ్ఞతలు

పోయిన వారం ఫ్యామిలీ కోర్టు నుంచి విడాకుల డిక్రీ సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చింది. లాయర్‌ను పెట్టుకోకుండా, పార్టీ ఇన్ పర్సన్‌గా నేనే నడుపుకున్న కేసు. వెనక నిలబడినవాళ్లు లేకపోతే పిటిషన్‌లో మొదటి పేరా కూడా నాకు కుదిరేది కాదు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయట్లేదు.

ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీరుగా ఉన్న అక్కకు. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుందని, లాయర్‌ను కూడా వాళ్లే ఇస్తారని చెప్పింది ఆమే. నా మాట నేనే చెప్పుకుంటానంటే కాదనలేదు. నా భర్త ఉండేది బెంగళూరులో, పెళ్లి జరిగింది బళ్లారిలో. వాయిదాలకు అంత దూరం తిరగాలేమోనని నాకు ఒకటే టెన్షన్. కేసు వేసేది భార్య అయితే తను ఉంటున్న ఊళ్లోనే వేసుకోవచ్చని 2003లో చట్టం మార్చారట. ఆ ఒక్క మాటతో గుండెల మీద బరువు దిగింది.

ఇక మా వీధిలోని సార్, కోర్టులో బెంచ్ క్లర్క్‌గా చేసి రిటైరయ్యారు. ‘పడట్లేదు, కలిసి బతకలేం’ అన్నది 1955 హిందూ వివాహ చట్టంలో కారణం కాదని ఓపిగ్గా చెప్పారు. బంధం బాగుపడలేనంతగా చెడిందని విడాకులిచ్చే అధికారం రాజ్యాంగంలోని 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు ఉంది, 2023 తీర్పు చెప్పిందీ అదే. కింది కోర్టులో మాత్రం 13వ సెక్షన్‌లో ఉన్న కారణాల్లో ఒకటి రుజువు చేయాల్సిందే. నాది వదిలేసి వెళ్లిపోయిన కేసు. పిటిషన్ వేసేనాటికి కనీసం రెండేళ్లు ఏకధాటిగా వదిలేసి ఉండాలి. సరైన కారణం లేకుండా, నా ఇష్టం లేకుండా, కాపురం తెంచుకునే ఉద్దేశంతోనే పోయాడని చూపించాలి.

సార్ ఒక లాంగ్ నోట్‌బుక్ తెప్పించి, పేజీకి నిలువుగా గీతలు కొట్టించారు. తేదీ, జరిగింది, రుజువు. ‘ఎన్నోసార్లు ఫోన్ చేశాను’ అని రాస్తే పెన్సిల్‌తో కొట్టేసి, ఏ నెలలో, ఏ నంబరు నుంచి, పక్కన ఎవరున్నారు అని అడిగేవారు. ‘బాధ తర్వాత రాద్దువులేమ్మా, ముందు జరిగింది రాయి’ అనేవారు. కట్నం వేధింపులు కూడా కలుపు, కేసు గట్టిపడుతుందని బంధువులు కొందరు సలహా ఇచ్చారు. ‘జరగనిది ఒక్క ముక్క రాయొద్దు’ అన్నారు సార్. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ గంటసేపు తిప్పి తిప్పి అడిగినా నేను తడబడలేదంటే అందుకే. చేతులెత్తి మొక్కుతున్నాను సార్.

కోర్టు ఎదుట జాబ్ టైపింగ్ అన్నకు కూడా. వాట్సాప్ మెసేజ్‌లు ప్రింటు తీసి ఇస్తే సరిపోదని, 2023 సాక్ష్య చట్టంలోని 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలని, అందులో నేను సంతకం చేసే భాగం ఒకటి, నిపుణుడు చేసేది ఒకటి ఉంటాయని నాకు చెప్పింది ఆయనే. ప్రతి కాగితం నాకు చదివి వినిపించాకే సంతకం పెట్టమనేవాడు.

మధ్యలో కౌన్సెలింగ్‌కు పంపినప్పుడు కేసు కొట్టేస్తారేమోనని భయపడ్డాను. రాజీకి ప్రయత్నించడం ఫ్యామిలీ కోర్టు బాధ్యతేనని అక్క చెప్పాక కుదుటపడ్డాను. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునే మాట అక్కడే వచ్చింది. ఏడాదిగా విడిగా ఉంటే చాలు, పిటిషన్ వేశాక ఆగాల్సిన ఆరు నెలల గడువును కూడా తగిన కేసుల్లో కోర్టు ఎత్తేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు. ఇద్దరికీ ఇష్టమైతే మాత్రం అదే మంచి దారి అని నా నమ్మకం.

వాయిదా రోజుల్లో నా పీరియడ్లు సర్దుకున్న తోటి టీచర్లకు, ‘తీర్పు ఎట్లొచ్చినా ఇంటికి రా’ అన్న అమ్మకు ఎంత చెప్పినా తక్కువే.

నాలాంటి పరిస్థితిలో ఎవరైనా ఉంటే 15100కు ఫోన్ చేయండి, అది న్యాయ సహాయం నంబరు. మన ఊళ్లో అయితే నేనే వెంట వస్తాను, మెసేజ్ పెట్టండి.