ఆపరేషన్‌కు ముందు ఆ ఒక్క రక్తపరీక్ష

సంపాదకుడు గారికి,

అయ్యా,

పురుగుమందు తాగిన మనిషిని గుంటూరు పెద్దాసుపత్రికి తెస్తే విరుగుడుగా అట్రోపిన్ ఎక్కించడంతో పాటు రక్తం తీసి కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ ఎంతుందో చూస్తారు. మిర్చి, పత్తి పండే జిల్లా కాబట్టి ఈ పరీక్ష మన ల్యాబులకు కొత్త కాదు. ఏ విషమూ తాగని ఆరోగ్యవంతుల్లో కొందరికి కూడా ఆపరేషన్‌కు ముందు ఇదే పరీక్ష చేయాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోకి గొట్టం వేయాలంటే కండరాలు సడలాలి. అందుకు సక్సమెథోనియం వాడతారు. థియేటర్లలో దాన్ని స్కోలిన్ అంటారు. నిర్మాణం చూస్తే అది రెండు ఎసిటైల్‌కోలిన్ అణువుల జంట. నరం కండరానికి కబురు పంపేది ఎసిటైల్‌కోలిన్‌తోనే కాబట్టి, అది కూర్చోవాల్సిన గ్రాహకం మీద స్కోలిన్ కూర్చుంటుంది. అక్కడుండే ఎంజైమ్ ఎసిటైల్‌కోలిన్‌ను క్షణంలో విరగ్గొడుతుంది కానీ స్కోలిన్‌ను ఏమీ చేయలేదు. దాన్ని విరగ్గొట్టేది కాలేయంలో తయారై రక్తంలో తిరిగే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్. పురుగుమందు కేసుల్లో ల్యాబు కొలిచేది దీన్నే. ఇది సరిగా ఉంటే 5 నుంచి 10 నిమిషాల్లో రోగి తనంతట తాను ఊపిరి తీసుకుంటాడు. లేకపోతే గంటల తరబడి ఛాతీ కండరాలు కదలవు. వెంటిలేటర్ మీద ఉంచి, మందు ప్రభావం దిగేదాకా ఓపిక పడితే ప్రాణానికి భయం లేదు. అయితే అంతసేపూ మత్తు కూడా కొనసాగించాలి. మత్తు ముందే దిగితే ఆ మనిషి తెలివిలో ఉండి, చుట్టూ మాటలు వింటూ, కనురెప్ప కూడా కదపలేక పడి ఉంటాడు.

ఈ లోపం మా ఆర్యవైశ్యుల్లో ఎక్కువ. ఆ ఎంజైమ్‌లో 307వ స్థానంలో లూసీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలీన్ అనే మరొకటి చేరుతుంది, దాంతో ఎంజైమ్ దాదాపు పనికిరాకుండా పోతుంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాలుపంచుకున్న 2017 నాటి నేచర్ జెనెటిక్స్ పత్రిక వ్యాసం, మిగతావారితో పోలిస్తే వైశ్యుల్లో ఇది సుమారు 100 రెట్లు ఎక్కువని చెప్పింది. ఎప్పుడో కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా లోలోపలే పెళ్లిళ్లు చేసుకున్న ఫలితమిది. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే లోపం పూర్తిగా బయటపడుతుంది. మేనరికాల సంగతి చెప్పక్కర్లేదు.

మా తమ్ముడి కూతురికి అపెండిసైటిస్ అని రాత్రికి రాత్రి ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ త్వరగానే అయిపోయింది. ఆ తర్వాత "ఇంకా ఊపిరి అందుకోలేదు, ఉంచాం" అంటూ తెల్లవార్లూ వెంటిలేటర్ మీదే పెట్టారు. బాగానే చూసుకున్నారు, పిల్ల క్షేమంగా ఇంటికొచ్చింది, అందుకు వంక పెట్టను. డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం "అన్‌ఈవెంట్‌ఫుల్", అంటే విశేషమేమీ జరగలేదని, ఒక్క ముక్క. స్కోలిన్ పేరు లేదు, వెంటిలేటర్ ఊసు లేదు. రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఆ కాగితం చూసి ఏం తెలుసుకుంటాడు? తోడబుట్టిన ప్రతి ఒక్కరికీ ఇదే లోపం వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఆ మాట కూడా ఇంట్లోవాళ్లకు ఎవరూ చెప్పలేదు. నేను ఫార్మకాలజీ పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి అనుమానం వచ్చి పరీక్ష చేయిస్తే ఈ లోపమేనని తేలింది.

"ఇప్పుడు రోకురోనియం ఉంది కదండీ, స్కోలిన్ ఎవరు వాడుతున్నారు?" అన్నారు ఒక మత్తు డాక్టరు. కండరాలను సడలించే మరో మందు అది. పెద్ద ఆసుపత్రుల మాట నిజమే. కానీ రోకురోనియం ప్రభావాన్ని వెంటనే తీసేసే సుగమడెక్స్ ఖరీదైన మందు. అర్ధరాత్రి ఎమర్జెన్సీల్లోనూ, మానసిక రోగులకు ఇచ్చే కరెంటు చికిత్సలోనూ స్కోలిన్ ఇంకా నడుస్తూనే ఉంది.

ఈ ఎంజైమ్‌లో పుట్టుకతో వచ్చే తేడాను పట్టే పరీక్షను టొరంటోలో వెర్నర్ కాలో 1957లోనే ప్రకటించాడు. జీనోమ్ ఇండియా అనే జాతీయ ప్రాజెక్టు కింద 10 వేలమంది జన్యుక్రమాన్ని చదివి 2025 జనవరిలో ఆ డేటాను పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇంత జరిగినా మత్తు ఫిట్‌నెస్ ఫారంలో ఒక గడి పెరగలేదు. అనుభవమున్న డాక్టర్లు "మీరు వైశ్యులా?" అని నోటిమాటగా అడుగుతారు. కొందరు నొచ్చుకుంటారు కూడా. అడిగితే తప్పులేదని నా అభిప్రాయం, కానీ ఇంటిపేరు చూసి ఊహించడం మాత్రం పనికిరాదు. ఇతర కులాల్లోనూ అరుదుగా ఈ లోపం ఉంది. అందుకే "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఊపిరి రావడం ఆలస్యమైందా?" అనే ప్రశ్న ఫారంలో అందరికీ ఉండాలి. ఎన్టీఆర్ వైద్యసేవ ఆసుపత్రుల్లో ఈ ప్రశ్ననూ, అవసరమైనవారికి కోలినెస్టరేజ్ పరీక్షనూ తప్పనిసరి చేయడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు.

మా సంఘాలకూ ఒక మాట. విజయవాడ వన్‌టౌన్‌లోనూ గుంటూరులోనూ షుగర్, బీపీ శిబిరాలు పెట్టేటప్పుడు దీన్నీ చేర్చండి. సంబంధాలు చెడతాయని దాచేవాళ్లున్నారు. ఇది జబ్బు కాదు, స్కోలిన్ లాంటి మందుల జోలికి పోనంతకాలం నూరేళ్లూ ఏమీ కాదు. గర్భిణుల్లో, కాలేయం చెడినవారిలో, ఈమధ్య పురుగుమందు కొట్టినవారిలో కూడా ఈ ఎంజైమ్ అంకె తగ్గుతుంది కాబట్టి ఫలితాన్ని డాక్టరు చూడాలి. మివాక్యూరియం అనే మరో కండర సడలింపు మందును విరగ్గొట్టేదీ ఈ ఎంజైమే కాబట్టి, లోపం ఖాయమైనవారికి "స్కోలిన్, మివాక్యూరియం ఇవ్వరాదు" అని తెలుగులో, ఇంగ్లీషులో రాసి, డాక్టరు సంతకంతో ఒక కార్డు ఇవ్వాలి. దాన్ని ఆధార్ కార్డుతో పాటే పర్సులో పెట్టుకోమనాలి.

ఇట్లు,
విశ్రాంత ఫార్మసీ అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.