ఆ ఫోను ఏమైంది?

సంపాదకుల వారికి,

పోయిన శుక్రవారం మీ సినిమా పేజీలో సమీక్ష చదివి, ఆదివారం మనవణ్ణి తీసుకుని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మ్యాట్నీకి వెళ్లాను. అబద్ధమెందుకు, గ్యాంగులో ఉన్నవాడు పోలీసని బయటపడ్డప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. 2006లో ‘పోకిరి’కి ఈల వేసినవాణ్ణే.

నా పేచీ క్లైమాక్స్‌తో. హీరో ఏడాదిపాటు వాళ్ల కంచంలో తిని, ఎవరికి ఎంత మామూలు ముడుతోందో ఫోన్లో రికార్డు చేస్తాడు. తీరా చివర్లో అందర్నీ గోదాములో వరసబెట్టి కాల్చేస్తాడు. ఫోను జేబులోనే ఉండిపోయింది. కాల్చడమే పనైతే మొదటి రీల్లోనే కాల్చొచ్చుగా!

నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ముప్ఫై ఏళ్లు వకీలు గుమాస్తాగా కట్టలు మోశాను. పంచనామా మీద సంతకం పెట్టినవాడే బోనెక్కి, “నాకేం తెలీదు సార్, స్టేషన్‌కి పిలిచి పెట్టమంటే పెట్టాను” అనడం ఎన్నిసార్లు విన్నానో. సాక్షులు ఇలా అడ్డం తిరుగుతారనే కదా, లోపలికి సొంత మనిషిని పంపేది! ఆ మనిషి బోనెక్కితే, అవతలి లాయరు క్రాస్‌లో “నువ్వూ వాటా తీసుకున్నావా, లేదా?” అని గుచ్చి గుచ్చి అడిగితే ఎంత టెన్షన్! గోదాము ఫైటు దాని ముందు ఏపాటిది? మన దర్శకులకు ఆ సీను ఎందుకు తట్టదో.

సినిమానే కదా అంటారు. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపితే జనం పూలు చల్లారు. మా వీధిలో మిఠాయిలు పంచారు. నేనూ ఓ లడ్డూ తిన్నాను. ఆ కాల్పుల మీద విచారణకు సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. లడ్డూలు పంచినవాళ్లెవరూ దాని ఊసెత్తలేదు, నాతో సహా.

మీ సమీక్షకుడు ఆ క్లైమాక్స్ ‘అదిరింది’ అని రాశారు. ఇలాంటి సినిమా మళ్లీ వస్తే, అంత కష్టపడి పోగేసిన సాక్ష్యం ఏమైందని ఒక్క వాక్యం రాయించండి. హాలు బయట చాయ్ తాగుతూ, ఆ ఫోను ఏమైందిరా అని మనవణ్ణి అడిగాను.

“ఏ ఫోను తాతా?” అన్నాడు.

– ఒక పాత వకీలు గుమాస్తా, చిక్కడపల్లి, హైదరాబాద్