చల్లనీళ్లలో కయాక్: పడవకి పొదుపు చేయండి, ఒంటికి కాదు

ఎడిటర్ గారికి,

అమెరికాలో మనవాళ్ల కయాకింగ్ (ఒకరిద్దరు కూర్చుని తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవ కయాక్‌లో తిరగడం) సరదా మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. సరదాగానే ఉంది గానీ, పాత కయాక్ చవగ్గా దొరుకుతుంది, కాస్త ఎండ కాస్తే దిగిపోవచ్చు అన్న మాటతోనే నాకు పేచీ. నేనుండేది సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో. ఇక్కడ ఏప్రిల్‌లో ఒక్క ఆదివారం ఎండ వచ్చిందంటే చాలు, మన కుర్రాళ్లు ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో అమ్మకానికి కనిపించిన మొదటి కయాక్ కారు మీద కట్టేసుకుని దగ్గర్లోని సరస్సు లేక్ సమామిష్‌కి బయల్దేరతారు, ఒంటి మీద చూస్తే జీన్సు, కాటన్ హుడీ. బయట గాలి 18 డిగ్రీలు ఉండొచ్చు, నీళ్లు మాత్రం 10 డిగ్రీల దగ్గరే ఉంటాయి. ఇక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ అయితే ఆగస్టులో కూడా చల్లగానే ఉంటుంది.

ఆ నీళ్లలో పడితే మొదటి నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు, ఎగశ్వాస వస్తుంది, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే అంతే సంగతులు. తర్వాత పది నిమిషాల్లో వేళ్లు మాట వినడం మానేస్తాయి. స్పృహ తప్పడానికి మాత్రం గంట దాకా పట్టొచ్చు. కెనడా ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పిన ఈ 1-10-1 లెక్క ఇక్కడ పడవ నేర్పేవాళ్లు తరచూ చెప్తారు. ఊళ్లో బావుల్లో ఈదినవాళ్లమే కదా అనే ధైర్యం ఇక్కడ పనిచేయదు.

అందుకే పాతది కొనేటప్పుడు నేను రేటు కంటే ముందు అడిగేది లోపల బల్క్‌హెడ్‌లు ఎన్ని ఉన్నాయని. ముందూ వెనకా గాలి నిలిచే అరలు చేసే అడ్డగోడలవి. పదడుగుల వెడల్పాటి చవక కయాక్‌లో వెనక ఒకటుంటుంది, చాలావాటిలో అదీ ఉండదు. తిరగబడితే స్నానాల తొట్టిలా నిండిపోతుంది, నడి చెరువులో దాన్ని ఖాళీ చేసి మళ్లీ ఎక్కడం ఒంటరి మనిషి వల్ల అయ్యే పని కాదు. ఎండాకాలం ఒడ్డు పక్కన తిరగడానికి సరే. అక్టోబర్ నుంచి మే దాకా తిరగాలంటే 14 అడుగుల డే టూరింగ్ రకం (రోజంతా తిరగడానికి చేసిన పొడవాటి కయాక్), రెండు బల్క్‌హెడ్‌లున్నది చూసుకోండి. సునామీ 140 అనే మోడల్ లాంటివి సెకండ్‌హ్యాండ్‌లో కనిపిస్తుంటాయి (ఆ పేరు చెప్తే ఇంట్లో వద్దంటారు, అది వేరే సంగతి).

చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక బకెట్ నీళ్లు అడగండి. వెనక మూత తీసి అరలో పోసి, పడవని ముందుకి వంచి, కూర్చునే చోట టార్చ్ వేసి చూడండి. అడ్డగోడ అంచు వెంట చెమ్మ దిగితే సీలెంట్‌తో సరిపోతుంది, బేరానికీ పనికొస్తుంది. మూతల రబ్బరు పగుళ్లిచ్చిందేమో వంచి చూడండి. అడుగున గీతలకి భయపడక్కర్లేదు. రంగు వెలిసి, రుద్దితే చేతికి సున్నంలా పొడి అంటుతోందంటే మాత్రం ఏళ్ల తరబడి ఎండలో పడున్న ప్లాస్టిక్ అది, పెళుసుబారి ఉంటుంది, వదిలేయండి. రెండేళ్లే వాడానని అమ్మేవాడు అంటే వెనక కొసన కుడివైపు చెక్కిన నంబర్ చూడండి, చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. ఆఖర్న బూట్లతో సహా అందులో కూర్చోండి, మోకాళ్లు పడవ పైభాగానికి లోపలినుంచి ఆనాలి, బయటికి రావడానికి పెనుగులాడకూడదు. దాదాపు 25 కిలోలుంటుంది, కారెక్కించడం కూడా అక్కడే ఒకసారి చేసి చూస్తే మంచిది.

పడవ మీద మిగిలిన డబ్బు బట్టల మీద పెట్టండి. మంచి డ్రైసూట్ (నీళ్లు లోపలికి రానివ్వని ఒంటి సూట్) కొత్తదైతే వెయ్యి డాలర్లు దాటుతుంది, పాతదైతే మెడ దగ్గరా మణికట్టు దగ్గరా ఉండే రబ్బరు సాగదీసి చూడాలి, జిగటగా ఉన్నా సన్నటి పగుళ్లున్నా మార్పించే ఖర్చు కలుపుకోండి. అంత పెట్టలేకపోతే కనీసం 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (తడిసినా ఒంటి వేడి నిలిపే బిగుతు రబ్బరు సూట్), దాని మీద గాలి ఆపే జాకెట్ వేసుకుని ఒడ్డు విడవకుండా తిరగండి. కాటన్ వద్దే వద్దు. పడిపోయాక మళ్లీ ఎక్కడం జూలైలోనే, నీళ్లు వెచ్చగా ఉన్నప్పుడే ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలి.

ఇదంతా భయపెట్టడానికి కాదు. పక్కనే బెల్‌వ్యూలో మెర్సర్ స్లూ అనే చిత్తడి నేల కాలువ అక్టోబర్ చివర్లో ఎలా ఉంటుందో చూస్తే నేనెందుకు ఇంత గొడవ పడుతున్నానో తెలుస్తుంది, అప్పటికి జనం పలచబడిపోతారు.

ఇంకొక్క మాట. మీరు వేసిన ఫొటోలో పిల్లాడి లైఫ్ జాకెట్ సీటు వెనక పడుంది. మా వాషింగ్టన్ రాష్ట్రంలో 19 అడుగుల లోపు పడవలో 12 ఏళ్లూ అంతకు లోపు పిల్లలు అది తొడుక్కునే ఉండాలని చట్టం. ఈసారి వేసుకున్న ఫొటో వేయండి.

– ఒక పాఠకుడు, రెడ్‌మండ్, వాషింగ్టన్