పందులకూ మేనరికమేనా?

సంపాదకునికి,

అయ్యా,

మా షెడ్డులో ఒకే యార్క్‌షైర్ (విదేశీ జాతి) మగ పందిని ఐదేళ్లుగా వాడుతున్నాం. దాని కూతుళ్లకూ అదే, మనవరాళ్లకూ అదే. మొదట్లో ఈతకు పది పిల్లలు వచ్చేవి, ఇప్పుడు ఆరు. మొన్నటి ఈతలో రెండు పిల్లలు పాలు తాగే ఓపిక కూడా లేక చనిపోయాయి. దాణా లోపం అనుకున్నాం. కాదు, మేనరికం. పోనీ మార్చుకుందామని చుట్టుపక్కల నాలుగు ఫారాలు తిరిగితే అన్నిట్లోనూ ఒకే మంద సంతతి!

జీనోమిక్ ఎంపికతో ఇదంతా తీరిపోతుందని ఈమధ్య వింటున్నాం. చెవి ముక్క నుంచి డీఎన్ఏ తీసి, పిల్ల ఎదగకముందే దాని సత్తా అంచనా వేస్తారట. మంచిదే. కానీ ఆ అంచనా కుదరాలంటే ముందు వేల పందుల ఈతలు, బరువులు రాసి ఉండాలి. మా లెక్కలేమో గోడ మీద సుద్దముక్క రాతలు. పైగా ఆ అంచనాలో మంచి మార్కులొచ్చిన నాలుగు మగ పందులనే అందరూ వాడితే చుట్టరికం ఇంకా త్వరగా ముదురుతుంది. జత కట్టేముందు చుట్టరికం చూడ్డానికీ అదే డీఎన్ఏ పనికొస్తుంది, ఆ పని ముందు చేయాలి.

2019 పశుగణనలో దేశంలో పందులు సుమారు 90.6 లక్షలు, 2012 కంటే 12 శాతం తక్కువ. మరుసటి ఏడే పందుల ప్రాణాలు తీసే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వచ్చిపడింది. నాటు పందుల్లో బెంగాల్ ఘుంగ్రూకు, మేఘాలయ నియాంగ్ మేఘాకు జాతి గుర్తింపు ఉంది. మా వైపు నల్ల నాటు పంది కంటపడటమే అరుదు. తిరుపతిలో రూపొందించిన టీ-17 సంకర పంది రకంలో పావు వంతు నాటు రక్తమే అని మరవొద్దు.

పశుసంవర్ధక శాఖ వంశావళి కార్డుతో మగ పందులను జిల్లాల మధ్య మార్పిడి చేయించాలి.

– ఒక పందుల రైతు, బాపట్ల జిల్లా