సంచి తీశాక రాయెక్కడిదని అడిగావు కదా

భీమవరం

చిట్టితల్లీ,

"పోయినేడు అమ్మకి గాల్‌బ్లాడర్ తీసేశారుగా, మళ్ళీ రాయేంటి నాన్నా?" అని ఫోన్‌లో అడిగావు. పక్కనే మీ అమ్మ ఉండటంతో దాటేశాను. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు, నీ ఇంటర్ జువాలజీ పుస్తకం అటక మీంచి దింపి నేనూ చూశాను.

పైత్యరసం తయారయ్యేది గాల్‌బ్లాడర్‌లో కాదమ్మా, లివర్‌లో. రోజుకి అరలీటరు పైనే ఊరుతుంది. కణాల మధ్య కంటికి కనబడనంత సన్నని దారుల్లో బయల్దేరి, ఒకదాంట్లో ఒకటి కలుస్తూ, చివరికి కుడివైపు నుంచి ఒక గొట్టం, ఎడమవైపు నుంచి ఒకటి వచ్చి ఒకటవుతాయి. డ్రైన్ల సెక్షన్‌లో పనిచేసినవాణ్ణి కాబట్టి నాకిది చటుక్కున తలకెక్కింది. పంటకాలువ చీలుతూ పోతుంది, మురుగుకాలువ కలుపుకుంటూ పోతుంది. ఇది రెండో రకం, చేల బోదెలన్నీ చేరి చివరికి యనమదుర్రు డ్రైనులో పడ్డట్టు.

ఆ దారి పక్కన వేలాడే సంచే గాల్‌బ్లాడర్. పట్టేది 30 నుంచి 50 మిల్లీలీటర్లే. తిండి లేని వేళ వచ్చిన రసాన్ని దాచుకుని, అందులో నీళ్ళు పీల్చేసి చిక్కబరుస్తుంది. నూనో నెయ్యో పేగులోకి దిగగానే పేగు గోడ కొలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ని రక్తంలోకి వదులుతుంది. దాంతో సంచి ముడుచుకుంటుంది, రసం కిందికి దిగుతుంది. శీలావతి చేప బాగుచేసేటప్పుడు అమ్మ ఆ ఆకుపచ్చ తిత్తిని చితక్కుండా రెండు వేళ్ళతో ఎంత నెమ్మదిగా లాగేదో చూశావుగా. అది ఇదే. చితికిందా, కూరంతా చేదే.

సంచి గొట్టం వచ్చి కలిసిన చోటు నుంచి కింది దారిని డాక్టర్లు సీబీడీ అంటున్నారు. పొడవు సుమారు 8 సెంటీమీటర్లు, వెడల్పు మామూలుగా 6 మిల్లీమీటర్ల లోపే. అమ్మకి స్కానింగులో 11 వచ్చింది. ఆ దారి పాంక్రియాస్ (క్లోమగ్రంథి) తల వెనగ్గా దిగి, పాంక్రియాస్ గొట్టంతో కలిసి చిన్నపేగులోకి తెరుచుకుంటుంది. ఆ గుమ్మంలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండే కండరం ఒకటుంది. 1887లో ఇటలీలో రుగ్గెరో ఓడీ దాని గురించి వివరంగా రాశాడు, ఇప్పటికీ అతని పేరుతోనే పిలుస్తారు. అప్పటికి అతనింకా వైద్య విద్యార్థి!

పోయినేడు తీసింది సంచిని మాత్రమే. సీబీడీని ముట్టుకోరు, రసం పేగుకి చేరాల్సింది ఆ దారినే కదా. ఆపరేషన్‌కి ముందే సంచిలోంచి ఓ చిన్న రాయి జారి అందులో కూర్చుని ఉంటుందన్నారు. ఒక్కోసారి నెలల తరబడి చప్పుడు చెయ్యదట.

అడ్డుపడ్డాక రసం వెనక్కి తన్నింది. అందులోని పసుపు పదార్థం, బిలిరుబిన్, రక్తంలోకి ఎక్కి కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం ముదురు రంగుకి తిరిగింది. మలానికి రంగొచ్చేదీ దాని వల్లే కాబట్టి అది తెల్లబడింది. వీటన్నిటికంటే దురద ఘోరం. రాత్రిళ్ళు మంచం మీద కూర్చుని దువ్వెనతో వీపు గోక్కుంటోంది. రసం లేకపోతే కొవ్వు అరగదు, విటమిన్ కె ఒంటికి పట్టదు, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. అందుకే ముందుగా ఆ ఇంజెక్షన్ ఇస్తున్నారు, నువ్వు కంగారుపడ్డది దాని గురించే.

మీ పెద్దత్త పసరు మందు పోయించమని పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు, ఆవిడకి కోపం వచ్చింది. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకొస్తుంది. గొట్టంలో ఇరుక్కున్న రాయిని పసరు ఏం కదుపుతుంది? చలిజ్వరం వస్తే మాత్రం అర్ధరాత్రయినా బయల్దేరమన్నారు. నిలవున్న రసంలో ఇన్ఫెక్షన్ చేరితే ప్రాణం మీదికొస్తుందట.

గురువారం ఈఆర్‌సీపీ చేస్తారు. నోట్లోంచి కెమెరా గొట్టం పేగు దాకా పంపి, ఆ ఓడీ కండరాన్ని కొంచెం కోసి, చిన్న తీగబుట్టతో రాయిని లాగుతారు. పొట్ట మీద కోత ఉండదు. కొందరికి తర్వాత పాంక్రియాస్ వాస్తుంది కాబట్టి ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచుతారు.

నువ్వు బుధవారం రాత్రి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే చాలు. పోయినేటి డిశ్చార్జి కాగితాలు నీ దగ్గరున్నాయి, డాక్టరుగారు అడిగారు, మర్చిపోకు. అమ్మ ముందు పులస మాట ఎత్తకు. నూనె కూరలు వద్దన్నప్పటి నుంచీ సీజన్ దాటిపోతుందేమోనని ఆవిడకి అదే టెన్షన్, రాయి గురించి అంత లేదు.

మీ నాన్న