శనివారం టిఫిన్స్ ఎందుకు లేవంటే...

అందరికీ నమస్తే అండి. మొన్న 2025 మార్చి 29 శనివారం పొద్దున్నే షాప్‌కొచ్చి "ఈరోజు టిఫిన్స్ లేవండి" అనిపించుకుని వెనక్కి తిరిగిన వాళ్ళందరికీ ముందుగా సారీ. ఆ చలిలో చంటిపాపనెత్తుకుని వచ్చిన ఫ్యామిలీ కూడా ఉంది, మా ఆవిడ ఇప్పటికీ ఆ మాటెత్తి నన్ను సాధిస్తూనే ఉంది.

ఏమైందంటే, ఇక్కడ అమెరికాలో, నార్త్ డకోటా రాష్ట్రం ఫార్గోలో షీల్స్ అరీనాలో కాలేజ్ ఐస్ హాకీ రీజనల్ (జాతీయ టోర్నమెంట్ మొదటి దశ, ఒక్కో ఊళ్ళో నాలుగు టీమ్‌లు) జరిగింది కదా, ఆ జనం మీద ఆశపెట్టుకుని దోసెలు ఆపేసి కిచెన్ మొత్తం బిర్యానీకి, చికెన్ 65కి పెట్టేశా. హోస్ట్ నార్త్ డకోటా యూనివర్సిటీ, వాళ్ళ ఊరు గ్రాండ్ ఫోర్క్స్ ఇక్కడికి గంటంపావు డ్రైవ్, ఇంక ఊరంతా ఆకుపచ్చ జెర్సీలే అని నెలల ముందు నుంచీ లెక్కలేసుకున్నా. తీరా చూస్తే వాళ్ళ టీమ్ టోర్నమెంట్‌కే క్వాలిఫై కాలేదు. 2023లోనూ అంతే, హోస్ట్ వాళ్ళే, టీమ్ మాత్రం లేదు. అది చూసి కూడా నాకు బుద్ధి రాలేదు, అదీ సంగతి.

వేదికలు ఎంచే పద్ధతే అలా ఉంటుంది లెండి. కాలేజ్ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ వాళ్ళు 2025 రీజనల్స్ ఎక్కడో 2020 అక్టోబర్‌లోనే చెప్పేశారు, ఏ 16 టీమ్‌లు ఆడతాయో, ఎవరు ఏ ఊరికెళ్తారో తేలేది మాత్రం మ్యాచ్‌కి నాలుగు రోజుల ముందు ఆదివారం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. హోస్ట్ కాలేజ్ క్వాలిఫై అయితే సొంత రీజనల్‌లోనే ఆడాలి, కాకపోతే వచ్చినవాళ్ళకి మర్యాదలు చేసి పంపడమే.

సరే, మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు వచ్చారు, మిన్నియాపొలిస్ నుంచి కార్లో మూడున్నర గంటలు, మంకేటో నుంచి మిన్నెసోటా స్టేట్ కూడా వచ్చింది, గురువారం గల్లా పెట్టె చూసి నేనే నమ్మలేదు. ఆ రాత్రే ఇద్దరూ ఓడిపోయారు! మిన్నెసోటా 5-4తో మసాచుసెట్స్ చేతిలో ఓవర్‌టైమ్‌లో, మిన్నెసోటా స్టేట్ 2-1తో వెస్టర్న్ మిషిగన్ చేతిలో రెండో ఓవర్‌టైమ్‌లో. కార్లలో వచ్చినవాళ్ళు కార్లలోనే ఇళ్ళకెళ్ళిపోయారు, శనివారం ఫైనల్‌కి మిగిలింది ఎంతో దూరం నుంచి వచ్చిన రెండు టీమ్‌లు. మధ్యాహ్నం ఒంటిగంటకి లోపల నలభై కిలోల చికెన్ మ్యారినేట్ అయి ఉంది, బయట కిటికీ పక్క టేబుల్ మీద వెస్టర్న్ మిషిగన్ గోధుమరంగు జెర్సీల్లో ఇద్దరు పెద్దమనుషులు ఒకే బిర్యానీ చెరిసగం చేసుకుని రైతా మాత్రం మూడుసార్లు అడిగారు. పాపం మంచివాళ్ళే, టిప్ బాగానే ఇచ్చారు. రాత్రికి మిగిలిందంతా ఇక్కడి నార్త్ డకోటా స్టేట్ యూనివర్సిటీ (ఎన్‌డీఎస్‌యూ) స్టూడెంట్స్‌ని పిలిచి పార్సెల్స్ కట్టించేశాం.

మొదటి రౌండ్ మంచి సీడ్ (టోర్నమెంట్ ర్యాంక్) వచ్చిన టీమ్ సొంత క్యాంపస్‌లోనే పెట్టాలని చాలామంది అంటారు, హాకీ చూసేవాడిగా నాకూ అదే కరెక్ట్ అనిపిస్తుంది. వెస్టర్న్ మిషిగన్ నంబర్ వన్ సీడ్ (ఒక్కో రీజనల్‌కి ఒకరుంటారు), వాళ్ళకి దగ్గర్లోనే టొలీడోలో ఒక రీజనల్ ఉంది, కానీ అక్కడ ఇంకో నంబర్ వన్ సీడ్ మిషిగన్ స్టేట్‌ని పెట్టారు, కాబట్టి వీళ్ళు ఇంతదూరం రావాల్సొచ్చింది. షాపువాడిగా అడిగితే మాత్రం, అరీనా ఉన్న ఊళ్ళో ఉండి వద్దని ఎలా అంటాను!

2026 రీజనల్స్‌లో మనకి దగ్గరున్నది సౌత్ డకోటాలోని సూ ఫాల్స్. అక్కడ స్టాల్ పెట్టు అన్నా అని ఇద్దరు ముగ్గురు అడిగారు. వెళ్ళట్లేదు. ఈ శనివారం నుంచి పొద్దున 8కి టిఫిన్స్ మామూలే, పెసరట్టు కూడా ఉంటుంది, ఇంక ఏ టోర్నమెంట్ వచ్చినా పెనం దించేది లేదు. ఆ పాపతో వచ్చిన ఫ్యామిలీ ఇది చదువుతుంటే ఒక్కసారి కౌంటర్ దగ్గర చెప్పండి, ఆ రోజు తినాల్సిన టిఫిన్ నా తరఫున.